ఒక్క సెకనులో

హైదరాబాదు నగరమునకు పడమట నున్న మాదాపూరు ప్రాంతము ఒకప్పుడు బండరాళ్ళతోను తుప్పలతోను నిండియుండెడిది. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు అచట సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. అది మొదలుగా ఆ బండల నడుమ అద్దాల మేడలు లేచినవి. వెడల్పైన బాటలు పడినవి. 2019 మార్చిలో అమీరుపేట నుండి హైటెక్ సిటీ వరకు మెట్రోరైలు వచ్చినది. నేడు ఆ ప్రాంతమునకు వేగమే ప్రాణము. ఒక్క నిమిషము ఆలస్యమైనను అచటివారికి అది గొప్ప నష్టముగా తోచును.

అట్టి బాటల ప్రక్కన పలుచోట్ల ఎఱ్ఱని వలయములో ఒక అంకె కనబడును: 40. గంటకు 40 కిలోమీటర్లకు మించిన వేగముతో పోరాదని దాని యాజ్ఞ. దానిని చూడనివారు లేరు; దాని యర్థమును తలపోయువారు మాత్రము అరుదు. 40కిని 100కిని భేదమేమి? ఇల్లు కొంత ముందుగా చేరుటయే కదా యని పలువురు తలంతురు. వారి పొరపాటునకు కారణము కొంతవరకు ఆ కొలతయందే యున్నది.

వేగమును చెప్పుటకు రెండు కొలతలు కావలయును: ఒకటి దూరము, రెండవది కాలము. కిలోమీటరు పెద్ద దూరము. గంట దీర్ఘమైన కాలము. ప్రయాణమునకు ఎంతసేపు పట్టునో తెలియుటకు ఈ కొలత చక్కగా పనికివచ్చును. కాని బాటమీది అపాయము గంటసేపు వేచియుండదు. అది రెప్పపాటులో వచ్చును. కావున దానిని కొలుచుటకు మీటర్లును సెకనులును కావలయును.

ఈ మార్పు కష్టమైనది కాదు. కిలోమీటరునకు 1000 మీటర్లు. గంటకు 3600 సెకనులు. వేయిని మూడువేల ఆరువందలతో భాగించి సూక్ష్మీకరించినచో 5/18 వచ్చును. గంటకు ఇన్ని కిలోమీటర్లని తెలిసిన వేగమును 5తో గుణించి 18తో భాగించినచో, సెకనుకు ఎన్ని మీటర్లో తెలియును. 36 కిలోమీటర్ల వేగము సెకనుకు సరిగా 10 మీటర్లు. 72 కిలోమీటర్లు 20 మీటర్లు. మరల వెనుకకు మార్చుటకు 18తో గుణించి 5తో భాగించిన చాలును.

ఇది పరీక్షలో రెండు మార్కులు తెచ్చు లెక్క మాత్రమే యని విద్యార్థులు భావింపవచ్చును. 2019 నవంబరులో జరిగిన ఒక సంఘటన దాని విలువను తెలుపును. ఆ నెల 4వ తేదీన గచ్చిబౌలి చెంత బయోడైవర్సిటీ కూడలిలో ఒక ఫ్లైఓవరును ప్రారంభించిరి. దానిపై మలుపు కలదు. గంటకు 40 కిలోమీటర్ల హద్దు కలదు. మూడు వారములైనను గడవకముందే, 23వ తేదీన, నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో వచ్చిన ఒక కారు ఆ మలుపున అదుపు తప్పి, అడ్డుగోడను దాటి క్రింది బాటపై పడెను. క్రింద నిలిచియున్న ఒక స్త్రీ ప్రాణములు కోల్పోయెను; మరికొందరు గాయపడిరి. ఆమె ఏ వేగమునందును పాలుపంచుకొనలేదు. బాటప్రక్కన నిలిచియుండుట తప్ప ఆమె చేసినదేమియు లేదు. పిమ్మట ఆ ఫ్లైఓవరును కొన్ని వారములు మూసియుంచి, రక్షణ యేర్పాట్లు పెంచి, 2020 జనవరిలో మరల తెరచిరి.

ఇప్పుడా అంకెలను మార్చి చూడవలయును. 40 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 11 మీటర్లు. 100 కిలోమీటర్లనగా సుమారు 28 మీటర్లు. కన్ను అపాయమును చూచి, మనస్సు గ్రహించి, కాలు బ్రేకును నొక్కుటకు చురుకైనవానికిని ఇంచుమించు ఒక సెకను పట్టును. ఆ సెకనులో మొదటి బండి ఒకటిన్నర తరగతిగదుల పొడవు పోవును. రెండవది నాలుగు గదులను దాటిపోవును. అప్పటికింకను బ్రేకు పనియే మొదలుపెట్టలేదు! బ్రేకు పడిన పిమ్మట బండి ఆగుటకు పట్టు దూరము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. వేగము రెండున్నర రెట్లయినచో ఆ దూరము ఆరు రెట్లకు మించును.

అంకెతోపాటు కొలమానమును కూడ చూడవలయును. కొలమానము లేని అంకె ఊరిపేరు లేని ఉత్తరము వంటిది. 1956లో చట్టము చేసి మెట్రిక్ కొలతలను క్రమముగా అమలుపరచువరకు మనదేశమునను బాటలను మైళ్ళతోనే కొలిచెడివారు. అమెరికాలో నేటికిని మైళ్ళే. హైటెక్ సిటీ నుండి అచటికి పోయి వచ్చువారు పెక్కుమంది. అచటి రహదారిపై 65 అని యున్నచో అది మన లెక్కకు సుమారు 105 కిలోమీటర్లు. అచటి అలవాటుతో మన 40ని మైళ్ళని భ్రమించినవాడు 64 కిలోమీటర్ల వేగముతో పోవును. ఇట్టి భ్రమ గొప్ప శాస్త్రజ్ఞులనైనను విడువదు. 1999 సెప్టెంబరులో అంగారకుని చేరిన అమెరికా వ్యోమనౌక యొకటి నష్టమైపోయెను. ఒక వర్గమువారి ప్రోగ్రాము ఇంజనుల తోపుడును పౌనుల లెక్కలో నీయగా, మరియొక వర్గమువారు దానిని న్యూటనుల లెక్కగా గ్రహించుటయే దానికి కారణము.

మాదాపూరు బాటపై తండ్రి నడుపు స్కూటరు వెనుక కూర్చుండి బడికి పోవు బాలుడు స్పీడోమీటరులో 60 చూచెననుకొందము. ఐదుచే గుణించి పదునెనిమిదిచే భాగించుటకు వానికి కాగితము అక్కరలేదు. "నాన్నా, మనము సెకనుకు పదునేడు మీటర్లు పోవుచున్నాము" అని వాడు చెప్పును. ఎదుట బాట దాటుటకు ఒక ముసలమ్మ కాలు మోపినది. ఆమెకును బండికిని నడుమ ఎన్ని మీటర్లున్నవో తండ్రి కన్నులారా చూచును. ఆయన చేయి తనంత తానే వేగమును తగ్గించును.