ఫోను ధరను ఏళ్లతో భాగిస్తే

జీతం పడినట్టు తెలిసేది, కరెంటు బిల్లు కట్టేది, పిల్లల ఫీజు పంపేది అంతా ఇప్పుడు ఫోన్లోనే. అందుకే ఫోను కొనేటప్పుడు నేను ముందు అడిగేది కెమెరా గురించి కాదు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం దాకా వస్తాయని. షాపు కుర్రాళ్లలో చాలామందికి ఈ ప్రశ్న కొత్త. "అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి సార్, మీరు మెగాపిక్సెల్ చూడండి" అంటారు. వస్తూనే ఉండవు. ప్రతి మోడల్‌కూ ఎప్పుడో ఒకప్పుడు అవి ఆగిపోతాయి. ఆ తర్వాత బయటపడ్డ లోపాలను సరిదిద్దే దిక్కుండదు. ఫోను మాత్రం మామూలుగానే పనిచేస్తుంది కాబట్టి మనకు అనుమానం కూడా రాదు.

పోయినసారి నా ముందు రెండు ఫోన్లున్నాయి. 14,000 రూపాయల దానికి ఇంకా రెండేళ్లే గడువు, 26,000 దానికి ఆరేళ్లు. మొదటిది ఏడాదికి 7,000 పడుతుంది. రెండోదానికి మధ్యలో బ్యాటరీ మార్పించడానికి 2,500 కలుపుకున్నా ఏడాదికి 4,750. రెండోదే తీసుకున్నాను. ఆరేళ్లూ వాడే ఓపిక ఉంటేనే ఈ లెక్క నిలుస్తుంది. రెండేళ్లకోసారి ఫోను మార్చేవాళ్లకు చవకదే మేలు. 2023లో పిక్సెల్ 8కి గూగుల్, 2024లో గెలాక్సీ ఎస్24కి శామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ప్రకటించాయి. ఒకప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఇంత గడువు ఊహకైనా అందేది కాదు.

డబ్బు ఒకేసారి కట్టాను. 'నో కాస్ట్ ఈఎంఐ'లో వడ్డీ లేదనిపిస్తుంది గానీ బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే ధరలో తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ మనమే కట్టుకోవాలి. సున్నా వడ్డీ అనే మాటే సరికాదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకు చెప్పింది.

బ్రౌజర్‌కు ధర ఉండదు కనుక దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఐఫోన్లలోని సఫారీలో తన సెర్చ్ ముందుగానే అమరి ఉండేందుకు గూగుల్ 2022లో యాపిల్‌కు 2,000 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టులో నడిచిన కేసులో బయటపడింది. మనం ముట్టుకోని ఒక్క సెట్టింగు విలువ అది. నేను ఫోన్లో ఫైర్‌ఫాక్స్ వాడతాను. అందులో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే ప్రకటనలు, వాటి వెనకాల తిరిగే నిఘా చాలావరకు ఆగిపోతాయి, డేటా మిగులుతుంది. ఫీజులు కట్టే పేజీలు కొన్ని ఫైర్‌ఫాక్స్‌లో మొరాయిస్తాయి, అందుకని క్రోమ్ కూడా ఉంచుకున్నాను. రోజూ చదివే తెలుగు పత్రికల సైట్లకు మాత్రం ప్రకటనలు ఆపను. అక్కడ రాసేవాళ్ల జీతాలు చాలావరకు వాటిమీదే ఆధారపడ్డాయి.

యాప్‌ల విషయంలో మాత్రం నేను రాజీపడను. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు భరించలేక తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ యాప్‌ల మనుషులు బాకీ పడ్డవాళ్ల ఫోన్లోని నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీశారు. అప్పిచ్చే యాప్ కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాల జోలికి పోకూడదని ఆర్‌బీఐ 2022 సెప్టెంబరులో నిబంధన తెచ్చింది. ఇప్పటికీ ఏ లోన్ యాప్ అయినా కాంటాక్టులు అడిగిందంటే అది నిబంధన మీరుతున్నట్టే, వెంటనే తీసేయండి. అవసరమై డబ్బు కట్టే యాప్‌ల సంగతి వేరు. వాటి ఆటోపేలు ఎన్ని నడుస్తున్నాయో యూపీఐ యాప్‌లో అప్పుడప్పుడూ చూసి, వాడనివి రద్దు చేస్తాను.

అమ్మ ఫోనుకు అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్తది కొంటానంటే, "చెయ్యి అలవాటు పడింది నాన్నా, ఇప్పుడెందుకు మార్చడం" అంటుంది. కంటికి అలవాటైన బొమ్మలు, అక్షరాలు ఒక్కసారిగా మారిపోతే పెద్దవాళ్లకు ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకని ఫోను అలాగే ఉంచి డబ్బును పక్కకు జరిపాం. పెన్షన్ ఖాతాకు యూపీఐ, నెట్ బ్యాంకింగ్ రెండూ ఆపించాం. వేరే ఖాతా ఒకటి తెరిచి యూపీఐని దానికి కలిపాం, అందులో నెలకు 3,000 వేస్తున్నాను. కూరగాయలకు, మందులకు అది సరిపోతోంది. పెన్షన్ డబ్బు కావలసినప్పుడు అమ్మ బ్యాంకుకే వెళ్తుంది.