పాతచెట్టునకు క్రొత్తయంటు

సంసారమునకు వలయు ఏ వస్తువు కొనవలసివచ్చినను దాని వెలను గూర్చి పదిమందిని అడుగుదుము. దాని యుపయోగమును గూర్చి మాత్రము మన యింటివారి నొక్కరినైనను అడుగము. ఎద్దును కొనువాడు పళ్లు చూచును, నడక చూచును, సుడులు చూచును, కాడి కట్టి నాలుగడుగులు నడిపించి మఱి బేరమాడును. కంప్యూటరు కొనువాడు అద్దపు పెట్టెలో మెఱయు రంగుదీపములను చూచి మూల్యము చెల్లించి వచ్చును. ఎద్దునందు మనకుగల వివేకము యంత్రమునందు ఏల లేకపోవలెను?

2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్టు సంస్థవారు విండోస్ 10 అను వ్యవస్థకు సాధారణ సంరక్షణను నిలిపివేసిరి. దాని తరువాతిదగు విండోస్ 11కు టీపీఎం 2.0 అను భద్రతాభాగము కావలయును; ఇంటెల్ వారి ప్రాసెసర్లలో సామాన్యముగా ఎనిమిదవ తరము మొదలుకొని మాత్రమే వారు దానికి అంగీకరింతురు. ఇందువలన నిన్నటివఱకు చక్కగా పనిచేయుచున్న యంత్రములనేకములు ఒక్కదినములో ముసలివైపోయినవి. నూజివీడులో మాయింటనున్న బల్లమీది కంప్యూటరు అట్టిదే. అది 2016లో కొన్నది. ఆరవ తరపు ఐ5 ప్రాసెసరు, 8 జీబీ మెమరీ, 1 టీబీ హార్డు డిస్కు దాని ఆస్తి. దీనిని పాఱవేయవలయునా, బాగుచేయవలయునా, చేసినచో ఎంతవఱకు చేయవలయును అను ప్రశ్న మాయింట నెలదినములు నలిగినది. ఆ చర్చలో మాకు తోచిన సంగతులు తక్కిన గృహములకును ఉపకరించునని యిచట మనవి చేయుచున్నాము.

మాది మామిడితోటల సీమ. టెంకనుండి మొలిచిన మొక్క తల్లిచెట్టు గుణమును నిలుపుకొనునన్న నమ్మకము లేదు. కావుననే చిన్నరసము కావలసినవాడు అంటు కట్టును. ముదిసి కాపు తగ్గిన చెట్టును వేళ్లతో పెకలింపక, పెద్దకొమ్మలు కోసివేసి, క్రొత్తగా వచ్చిన చిగుళ్లకు మేలిజాతి యంటు కట్టు పద్ధతియు తోటపనిలో కలదు. మొదలు గట్టిదైనచో ఈ పనివలన కొలది సంవత్సరములలోనే కాపు వచ్చును. మొదలు పుచ్చినదైనచో కట్టిన యంటును, పడిన శ్రమయు రెండును వ్యర్థము. పాత కంప్యూటరును బాగుచేయుటయు అచ్చముగా ఇట్టిదే. ఇందు మొదలనగా మదర్‌బోర్డును, దానికి విద్యుత్తు నందించు ఎస్‌ఎంపీఎస్ పెట్టెయును. ముందుగా వీనిని పరీక్షింపక కొమ్మలను గూర్చి యోచించుట తెలివి కాదు.

ప్రతి కొమ్మయు ప్రతి మొదలునకు అతుకదు. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అను మెమరీ కడ్డీలు చూపునకు ఒక్క తీరుగనే యుండును గాని వాని గాట్లు వేఱువేఱు తావులనుండును. ఒకదాని గూటిలో మఱియొకటి దూఱదు. ఇంటెల్ ఎనిమిదవ తరపు ప్రాసెసరునకును మా యాఱవ తరపు దానికిని గూటి పేరొక్కటే, ఎల్‌జీఏ 1151. అయినను దానిని పాత బోర్డుపై నుంచిన పనిచేయదు. పేరు కలిసినంతమాత్రమున సంబంధము కుదిరినదనుకొనుట పెండ్లిండ్లయందు వలెనే ఇచటను ప్రమాదము. ఏఎండీ వారి ఏఎం4 గూడు మాత్రము పెక్కు తరములను భరించినది. బయోస్ మార్చుకొన్నచో 2017 నాటి బోర్డులు పెక్కింటిపై 2020 నాటి ప్రాసెసర్లును నడచును. కావున అంగడికి పోవుటకు ముందు బోర్డు పేరును కాగితముపై వ్రాసికొని, దానిని చేసినవారి జాబితాలో ఏ భాగములు చెల్లునో చూచుకొనుట మొదటి కర్తవ్యము.

మాయింట కోరికలు నాలుగు విధములుగా నుండెను. మా చిన్నవాడు గ్రాఫిక్సు కార్డు కావలెననెను. మా యమ్మాయి 2008లో మా యూర స్థాపింపబడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమున చదువుచున్నది. ఆమె మెమరీ పెంచవలెననెను. మాకు క్రొత్త ప్రాసెసరుపై మనసు పోయెను. ఇంటి యావిడను ఎవ్వరును అడుగలేదు. తోట కౌలు పద్దులు, కూలీల లెక్కలు, కరెంటు బిల్లులు, భూమి పత్రముల నకళ్లు ప్రతిదినమును ఆ యంత్రముపై చూచుకొనునది ఆమెయే. కడకు మా యమ్మాయి, “అమ్మా, నీకేమి కావలె?” నని యడుగగా ఆమె యిట్లనెను: “నాకు వేగ మక్కఱలేదు. పెట్టినది పెట్టినచోట నుండిన చాలును. మీ తాతగారి ఫొటోలును, మీ నాయనమ్మ పాడిన మంగళహారతియు ఆ ఒక్క పెట్టెలోనే యున్నవి. అది పోయిన వానిని ఏ యంగడిలో కొందుము?”

ఈ మాటతో చర్చ దిక్కు మాఱినది. మేమందఱమును యంత్రమును గూర్చి మాటలాడుచుండగా ఆమె యొక్కతె అందున్న సొత్తును గూర్చి మాటలాడినది. ప్రాసెసరు చెడిన మఱియొకటి వచ్చును. ముసలిదాని కంఠము పోయిన మఱల రాదు. పైగా 2022 ఏప్రిలులో జిల్లాలు మాఱి నూజివీడు కృష్ణాజిల్లానుండి ఏలూరుజిల్లాలోనికి వచ్చినది. పాతజిల్లా పేరుతోనున్న పత్రముల నకళ్లు చేతనుండుట ఎంత యవసరమో తోటలుగల వారందఱకును తెలియును. కావున ఉన్న ధనములో మొదటిభాగము నిలువకే కేటాయించితిమి.

నిలువకు ముఖ్యముగా రెండు సాధనములు. హార్డు డిస్కునందు పళ్లెములు తిరుగుచుండగా ముల్లువంటి తల కదలి వ్రాతను వెదకును. పళ్లెము నిమిషమునకు 5400 గాని 7200 గాని పర్యాయములు తిరుగును. ఒక్కొక్క వెదకులాటకు సెకండులో నూఱవవంతు పట్టుననుకొన్నను, వేలకొలది చిన్నఫైళ్లు తెఱవవలసినపుడు ఆ నూఱవవంతులే నిమిషములగును. ఎస్ఎస్‌డీయందు తిరుగునది లేదు. కావున వెదకుట దాదాపు తక్షణమే. పాతయంత్రము మందగించినదని మనము నిందించుటలో సగము నింద డిస్కునకే చెల్లవలసియున్నది. సాటా తీగెతో పనిచేయు ఎస్ఎస్‌డీ సెకండునకు 550 ఎంబీల వఱకు చదువును. ఎన్‌వీఎంఈ రకము దానికి ఆఱింతలును అంతకు మించియు చదువును. అయినను పద్దులు వ్రాసికొను గృహమునకు హార్డు డిస్కునుండి సాటా ఎస్ఎస్‌డీకి మాఱినపుడు తెలియు భేదము, సాటానుండి ఎన్‌వీఎంఈకి మాఱినపుడు తెలియదు. మా బోర్డుపై ఎమ్.2 గూడు లేదు. అందులకు మేము విచారింపలేదు. 500 జీబీల సాటా ఎస్ఎస్‌డీని వ్యవస్థకై తీసికొంటిమి.

మెమరీ విషయమున కాలము మాకు ప్రతికూలముగ నుండెను. కృత్రిమమేధకై కట్టుచున్న మహాయంత్రాగారములు చిప్పులను త్రాగివేయుటచే 2025 చివరి నెలలలో మెమరీ ధరలు మిక్కిలి పెరిగినవి. ఎచటనో పరదేశమున కట్టు యంత్రశాల నూజివీడు సంసారి జేబును తడవుచున్నది! కావున క్రొత్తజత కొనక, ఉన్న కడ్డీకి జోడుగా అట్టిదే 8 జీబీల పాతకడ్డీ నొకటి సంపాదించితిమి, 16 జీబీలైనవి. రెండు కడ్డీలు రెండుమార్గములలో నుంచుటచే వేగమును కొంత కలిసివచ్చినది. వ్యవస్థగా ఉచితముగా లభించు లినక్సు నెక్కించితిమి. ఆఱవతరము దానికి యువకుని క్రిందనే లెక్క. క్రొత్త ప్రాసెసరుపై మాకుగల మోజు అంతటితో తీఱినది. గ్రాఫిక్సు కార్డునకు మా యెస్‌ఎంపీఎస్ శక్తి చాలదు, అదియు మార్చవలసివచ్చును. ఆటలాడుట పాపము కాదు గాని వరుసలో అది నాలుగవది. మా చిన్నవాడు కొంత అలిగి, లెక్క చూపిన పిమ్మట సమాధానపడెను. బాలురకు కాదని చెప్పుటకంటె లెక్క చూపుట మేలు.

ఇక అసలు నిలువ. ఒక మిత్రుడు రెండు డిస్కులను జంటగా నద్దము వలె నడుపుమనెను. రైడ్ అను నీ విధానమును 1988లో బెర్కిలీ విశ్వవిద్యాలయమునకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, క్యాట్జ్ అను మువ్వురు పండితులు ఒక వ్యాసమున వివరించి ప్రసిద్ధము చేసిరి. ఒక డిస్కు చెడినను పని ఆగకుండుటకు అది మంచి యుపాయము. అయితే అద్దమునకు వివేచన లేదు. ఇచట పొరపాటున చెఱిపినది అచటను తక్షణమే చెఱిగిపోవును. పిడుగుపాటు వచ్చిన రెండును ఒక్కపెట్టెలోనే మాడును. దొంగ వచ్చిన రెండును ఒక్కసంచిలోనే పోవును. కావున అద్దము వేఱు, ప్రతి వేఱు.

ప్రతులు మూడుండవలయును, అవి రెండురకముల సాధనములపై నుండవలయును, అందొకటి ఇల్లు దాటి యుండవలయును. ఇది కంప్యూటరు పండితుల సూత్రమైనను మనకు క్రొత్తది కాదు. తాటియాకు శిథిలమగునని యెఱిగిన మన పూర్వులు తరమునకొకసారి ప్రతి వ్రాయించిరి. ప్రతి వ్రాయబడిన గ్రంథము బ్రదికినది, వ్రాయబడనిది చెదలపాలైనది. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌను దొర పండితులను కుదుర్చుకొని వ్రాతప్రతులను సేకరించి, పోల్చి, శుద్ధప్రతులు వ్రాయించుటచేతనే పెక్కు తెలుగు గ్రంథములు మనవఱకు వచ్చినవి. తాళ్లపాకవారి సంకీర్తనలు తిరుమలలో రాగిరేకులపై చెక్కబడియుండుటచే శతాబ్దముల పిమ్మటను వెలుగు చూచినవి. ఆకు, రాగి, కాగితము: సాధనము మాఱినది, ధర్మము మాఱలేదు.

మేము చేసినదిది. యంత్రములో 2 టీబీల హార్డు డిస్కొకటి. బీరువాలో తీగె తీసి దాచు 2 టీబీల బాహ్యడిస్కు మఱియొకటి. ముఖ్యపత్రములును, మంగళహారతియు, ఏఱిన ఫొటోలును గల మూడవప్రతి విజయవాడలోని మా చెల్లెలి యింట. బీరువాలో దాచుటకు ఎస్ఎస్‌డీని ఏల వాడలేదని కొందఱడిగిరి. ఎస్ఎస్‌డీ తన వ్రాతను విద్యుదావేశ రూపమున నిలుపుకొనును. కరెంటు లేక చిరకాలము పడియున్న ఆ యావేశము మెల్లగా కాఱిపోవును, వేడిమి యెక్కువైనచో మఱింత త్వరగా పోవును. మా వేసవి యెట్టిదో చెప్పనక్కఱలేదు. హార్డు డిస్కుపై 2 టీబీలని యుండ తెఱపై 1.8 అని చూపినపుడు అంగడివాడు మోసగించెనని కలహింపవలదు; చేసినవారు వేయింటి లెక్కను, విండోస్ 1024 లెక్కను గైకొనుటయే అందులకు కారణము.

మామిడి పక్వమునకు వచ్చునాటి ఈదురుగాలులు కాయలతోపాటు కరెంటు తీగెలను కూడ రాల్చును. డిస్కు వ్రాయుచుండగా కరెంటు పోవుటకంటె దానికి హాని వేఱొకటి లేదు. కావున చిన్నదైనను యూపీఎస్ ఒకటి తప్పనిసరి. అది ఒక గంట నడపనక్కఱలేదు, పనిని భద్రపఱచి యంత్రమును ఆపుటకు వలయు అయిదు నిమిషములిచ్చిన చాలును. గోడలోని ఎర్తు తీగె నిజముగా భూమిని చేరినదో లేదో మేస్త్రీచే చూపించుకొనవలయును.

కడపటి మాట గృహస్థులకు. నేడు విండోస్ 11 యంత్రములలో పెక్కు, ఖాతాతో ప్రవేశించినతోడనే డిస్కును తమంత తామే గుప్తలిపిలో దాచును. ఒకప్పుడది 48 అంకెల తాళపుసంఖ్య నడుగును. ఆ సంఖ్య లేనిచో యింటివారికిని దొంగకును భేదము లేదు. ఆ సంఖ్యయు, సంకేతపదములును మన యిండ్లలో నెవ్వరికి తెలియును? మగవానికి మాత్రమే. ఆయన హఠాత్తుగా కన్నుమూసిననాడు బీమాకాగితములు, బ్యాంకుపద్దులు, పిల్లల ఫొటోలు అన్నియు తాళములోపలను, భార్య తాళము బయటను. స్త్రీకి చదువు చెప్పించితిమని గర్వించు ఇండ్లలోనే ఈ స్థితి యున్నది. పూర్వము ఇనుపపెట్టె తాళపుచెవి గృహిణి కొంగున నుండెడిది. నేటి పెట్టెకు తాళము అంకెలైనంతమాత్రమున ఆ హక్కు ఆమెనుండి ఏల జారిపోవలెను? ఆ యంకెలను కాగితముపై వ్రాసి, ఆమె యెఱుకతో, ఆమె చేతులమీదుగా భద్రపఱచుట ప్రతి గృహస్థునకును విధి.

తిరిగి తీసి చూడని ప్రతి ప్రతియే కాదు. అంతయు ముగిసిన పిమ్మట ఒక యాదివారమున మా చిన్నవాడు మంగళహారతి ఫైలును యంత్రమునుండి కావలెననియే తొలగించెను. బీరువాలోని డిస్కును ఎవ్వరి సాయమును లేక తెచ్చి, తగిలించి, వెదకి, దానిని మఱల యథాస్థానమున నిలుపు పని ఇంటి యావిడకు అప్పగించితిమి. ఆమె పావుగంటలో ఆ పని చేసి పాటను వినిపించినది. మాసమునకొకసారి ఈ పరీక్ష జరుపు భారమును ఆమెయే వహించినది.