మేఘమలలో ఒక పిట్ట, ఒక గబ్బిలం

తమిళనాడు తేని జిల్లాలో చిన్నమనూరు దాటిన బస్సు, మలుపు మలుపుకూ ఎండను కిందనే వదిలి మబ్బులోనికి ప్రవేశిస్తుంది. పైన తేయాకు తోటలు. వాటి నడుమ, కొండ మడతలలో, వాగుల వెంబడి చిక్కని అడవి తునకలు మిగిలి ఉన్నవి. వాటిని షోలాలంటారు. ఇదే మేఘమల, ఇంగ్లీషు దొరల ‘హై వేవీస్’.

వేకువన షోలా అంచున నిలిచిన బాటసారికి పొదనీడలోనుంచి సన్నని ఈల వినిపిస్తుంది. పాడేది గుప్పెడంత పిట్ట: నీలిబూడిద ఒళ్లు, తెల్లని పొట్ట. దాని పేరు షోలకిళి. మలయాళంలో కిళి అంటే పిట్ట. ఏ కుటుంబంలో చేర్చాలో తేల్చుకోలేక శాస్త్రజ్ఞులు చిరకాలం తికమకపడి, 2017లో దానికోసం కొత్త ప్రజాతినే ఏర్పరచారు. రెక్కలుండి కూడ అది అడవి నీడను విడిచి దూరం పోదు. పాలక్కాడు కనుమ వెడల్పు 30 కిలోమీటర్ల పైచిలుకు. దానికి ఉత్తరాన నీలగిరిలో పాడేది వేరొక జాతి షోలకిళి.

పిట్ట గొంతు విప్పే వేళకు మరొక ప్రాణి గుహకు చేరుకుంటుంది. దీని కథ మరింత విచిత్రం. 1948లో ఈ కొండలలోని కాఫీ తోటలో ప్రకృతి పరిశీలకుడు ఆంగస్ హట్టన్‌కు ఒక గబ్బిలం దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ భాండారంలో అది మామూలు పండ్ల గబ్బిలమన్న చీటీతో రెండు దశాబ్దాలకు పైగా పడి ఉన్నది. థాయ్‌లాండ్ శాస్త్రజ్ఞుడు కిట్టి తోంగ్‌లోంగ్యా దాని పళ్లు పరిశీలించి ఆశ్చర్యపోయాడు: పైన రెండు, కింద రెండు ముందుపళ్లే! తోక కూడ లేదు. 1972లో ఆయన దానిని కొత్త ప్రజాతిగా ప్రకటించి సలీం అలీ పేరు పెట్టాడు. జీవితమంతా పక్షుల వెంట తిరిగిన మనిషి పేరు గబ్బిలానికి దక్కింది!

అదే 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం పండ్ల గబ్బిలాలను ఎలుకలతోపాటు హానికర జంతువుల పట్టికలో చేర్చింది. తరువాత ఈ ఒక్క జాతిని అందులోనుంచి తీసి మొదటి షెడ్యూలులో పులి పక్కన నిలిపారు. ఆ పట్టికనే 2022 సవరణ ఎత్తివేసింది. అయితే గబ్బిలం మాంసం ఉబ్బసానికి మందన్న నమ్మకాన్ని ఏ సవరణా తాకలేదు.

పాటగాడికి లోకంలో చుట్టాలెక్కువ. గబ్బిలాన్ని చూసి ముచ్చటపడేవారు అరుదు. కాని అత్తిపండు తిని, రాత్రివేళ గింజలను దూరాన రాల్చేది ఈ ముచ్చటలేని జీవమే. అలా మొలిచిన చెట్ల నీడ పిట్టకు కూడ ఇల్లే.

తోటలోనికి ఆకు కోసే స్త్రీలు వచ్చేసరికి గుహ నిశ్శబ్దంగా ఉంటుంది. పొదలో ఈల మాత్రం ఇంకా ఆగదు.