విడదీయరాని సంధి

కత్తికి పదును ముఖ్యమని అందరూ అంటారు. పదును రెండవ మాట, పిడి మొదటి మాట అని నా అభిప్రాయం. పదును తగ్గిన కత్తి పనిని ఆలస్యం చేస్తుంది. పిడి కదిలిన కత్తి చేతిని కోస్తుంది. సొన అంటి జారే చేతులతో గట్టి కాయను తరిగే మా రెడ్డిగూడెం వారికి ఈ భేదం విడమరచి చెప్పనక్కరలేదు. 2022లో జిల్లాలను పునర్విభజించినపుడు మా ఊరు ఎన్టీఆర్ జిల్లాలోను, నూజివీడు ఏలూరు జిల్లాలోను చేరాయి గాని, వేసవి వచ్చిందంటే రెండు చోట్లా ధ్యాస ఒక్కటే: కాయ, కత్తి, ఉప్పు, కారం.

మా ఇంట మాగాయకు చెక్కు తీసే కత్తి ఒకటున్నది. మా అమ్మగారిది. అలుగు సన్నని ఇనుపరేకు. దాని తోక నల్లతుమ్మ పిడిలోకి దిగి ఉంటుంది. పిడి మొదట ఇత్తడి పొన్ను. ఈమధ్య అలుగు పిడిలో ఆడసాగింది. దానిని దేనితో బిగించాలన్న ప్రశ్న చిన్నదే కాని, ఆలోచించిన కొద్దీ లోతు కనబడింది.

పూర్వం ఈ పనికి లక్క వాడేవారు. మోదుగ, రేగు వంటి చెట్లపై లక్కపురుగు స్రవించే పదార్థమిది. దీనిని ఇటుకపొడితో కలిపి పిడి రంధ్రంలో నింపి, కాల్చిన తోకను గుచ్చితే కరిగి అల్లుకొని, చల్లారగానే గట్టిపడుతుంది. అతికించే విద్య మనకు కొత్త కాదు. కొండపల్లి బొమ్మలకు చేతులూ కాళ్ళూ అతికే మక్కు చింతగింజల పిండితో, రంపపు పొట్టుతో చేసినదే. వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగు పూలు మొదలైనవి నీటిలో కాచి ఎనిమిదవ వంతుకు దింపి, గుగ్గులు, సర్జరసం, మారేడు వంటివి కలపమన్నాడు. అది కోటి సంవత్సరాలు నిలుస్తుందన్నాడు. మనకు అంత కాలం అక్కరలేదు. ఒక మనిషి ఆయుష్షు చాలు.

ఇక నేటి ఎపాక్సీ. ఆరల్డైట్ పేరు వినని ఇల్లు ఉండదు. స్విట్జర్లాండుకు చెందిన సీబా సంస్థ దానిని 1940లలో తెచ్చింది. మన దేశంలో ఆ వ్యాపారం 2020లో ఫెవికాల్ చేసే పిడిలైట్ సంస్థ చేతికి వచ్చింది. పేరులోనే పిడి ఉన్నది గనుక ఔచిత్యం కుదిరిందని నేను నవ్వుకున్నాను.

ఈ జిగురు రెండు గొట్టాలుగా వస్తుంది: ఒకటి రెజిన్, రెండవది హార్డెనర్. రెజిన్ అణువు కొసలలో రెండు కర్బన పరమాణువులు, ఒక ఆమ్లజని కలిసిన ముక్కోణపు వలయాలుంటాయి. హార్డెనర్ తగలగానే ఆ వలయాలు తెరుచుకొని ఒకదానితో ఒకటి పెనవేసుకొని వలగా మారతాయి. ఇక్కడ ఎండడం లేదు, చల్లారడం లేదు. పూర్వపరాలు రెండూ పోయి మూడవది పుట్టడమే ఉన్నది. బడిలో ఎన్నో ఏళ్ళు ‘సంధి విడదీయుము’ అని ప్రశ్నలిచ్చాను. ఆ సంధులన్నీ విడివడేవే. ఇది మాత్రం విడదీయరాని సంధి. లక్క వేడికి మళ్ళీ కరుగుతుంది. ఎపాక్సీ వేడికి మెత్తబడి పట్టు సడలుతుందే గాని, మళ్ళీ రెండు గొట్టాలుగా మారదు.

అంగడిలో అడిగితే అయిదు నిమిషాల రకమే ముందు చూపిస్తారు. కత్తికి అది తగదు. తొందరగా గట్టిపడే రకాలు సాధారణంగా తడికీ వేడికీ అంత ఓర్చవు; పైగా మా మే నెల ఎండలో అయిదు నిమిషాలు కూడా మిగలవు. ఒక్క చుక్కతో అతికే జిగురు పెళుసు, దెబ్బకు విడిపోతుంది. ఎమ్‌సీల్ వంటి ముద్ద గొట్టాల చిల్లులు పూడ్చడానికి మంచిది గాని, ఇరుకు రంధ్రంలోకి పారదు. నిదానంగా గట్టిపడే మామూలు రకమే దీనికి సరైనది. కలిపిన తరువాత తాపీగా పని చేసుకోవచ్చు. ఒక రోజు కదపకుండా ఉంచాలి.

జిగురుకన్న దాని ముందు పని ముఖ్యం. పాత లక్కను పూర్తిగా గీకివేయాలి. తోకకున్న తుప్పును గరుకు కాగితంతో తీసి, ఆకురాయితో నాలుగు గాట్లు పెట్టాలి. జిగురు పట్టు దొరికేది అక్కడే. జిడ్డును ఎసిటోన్‌తో తుడవాలి. టేకు పిడి అయితే దానిలోని సహజమైన నూనె కోసం మరొక్కసారి తుడవాలి. రెండు భాగాలూ చెప్పిన పాళ్ళలోనే కలపాలి. హార్డెనర్ ఎక్కువైతే బలం పెరగదు, తగ్గుతుంది. చేతికి తొడుగు తప్పదు, కొందరి చర్మానికి అది పడదు. రంధ్రంలోకి సన్నని పుల్లతో నింపితే గాలి బయటికి వస్తుంది. తరువాత అలుగుకు కాగితం చుట్టి, పిడి క్రిందుగా నిలబెట్టాలి.

ఇంత తెలిసినా నా చేయి ఆగింది. అమ్మ చేతి రాపిడికి నునుపెక్కినది ఇనుము కాదు, ఆ తుమ్మకర్రే. లక్కతో బిగిస్తే అలుగు అరిగిపోయిన నాడు పిడిని విప్పి మరొక అలుగుకు వేయవచ్చు. ఎపాక్సీ వేస్తే ఆ కర్రా ఈ ఇనుమూ కలిసే పోతాయి. పెద్దలు విప్పదగిన కట్టు కట్టారంటే, ఊరిలో కొలిమి ఉన్నది, విప్పి మళ్ళీ కట్టే కమ్మరి ఉన్నాడు. ఆ లక్క గుణంలో సగం ఆయన చేతిది. ఇప్పుడు మా వీధిలో కొలిమి లేదు. విప్పేవారే లేనపుడు విప్పదగిన కట్టు వదులు కట్టే అవుతుంది. వదులైన కత్తి చివరకు గోడకు వ్రేలాడే జ్ఞాపకమవుతుంది.

మా కోడలు మాగాయ పెడతానన్నది. ఆమె అరచేతి క్షేమంకన్న ఆ కర్రకు మరొక జన్మ ఉండడం గొప్ప కాదని నిశ్చయించుకొని, నిదానపు రకమే కలిపాను. అలుగు అరిగిన నాడు పిడి కూడా దానితోనే విశ్రమిస్తుంది. అమ్మ అయినా పని జరగడమే కోరేది.

లక్కలో ఇటుకపొడి ఏ పాళ్ళలో కలిపేవారో మీ ఇండ్లలో పెద్దలకు గుర్తుంటే దయచేసి అడిగి వ్రాసి ఉంచండి. కొలిమి పోయినా, కొలత మిగిలితే మేలు.