వెనక బస్సుకు వస్తా

ప్రేమకథ చదివేవాళ్ళకు చివర ఏమవుతుందో మొదటి పేజీలోనే తెలుసు. ఇద్దరూ కలుస్తారు. డిటెక్టివ్ నవలలో హంతకుడెవరో ముందే చెప్పేస్తే పుస్తకం మూసేస్తాం. ప్రేమకథను మాత్రం ముగింపు తెలిసి కూడా, పొద్దున ల్యాబ్ ఎగ్జామ్ పెట్టుకొని, రాత్రి రెండింటి దాకా చదువుతాం. వాళ్ళిద్దరి మధ్య ఏదో అడ్డు ఉంటుంది. అది ఎట్ల తొలగుతుందో చూడాలని మన ఆత్రం. ప్రేమకథ రాయాలని కూర్చుంటే ముందు తేల్చుకోవాల్సింది ఆ అడ్డు ఏమిటనేదే అని నాకు అనిపిస్తుంది.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960లలో వచ్చింది, 1976లో సినిమా కూడా అయింది. మా జేజి దాన్ని అద్దె పుస్తకాల అంగట్లోంచి తెచ్చుకొని చదివిందంట. ఇప్పటికీ రాజశేఖరం పేరెత్తితే నవ్వుతుంది. ఆయనకు డబ్బుంది, అందముంది. అయినా కథ వెంటనే అయిపోదు. ఉద్యోగం చేసుకొని బతికే జయంతికి ఆత్మాభిమానం ఎక్కువ. ఆ కాలంలో ఆఫీసులకు పోవడం మొదలుపెట్టిన ఆడవాళ్ళకు జయంతి తమలాంటి మనిషి అనిపించి ఉంటుంది.

యండమూరి ‘వెన్నెల్లో ఆడపిల్ల’లో అడ్డు వేరే. చెస్ ఆటగాడు రేవంత్‌కు ఒక అమ్మాయి ఫోన్ చేస్తుంది. తానెవరో చెప్పదు, కనుక్కోమంటుంది. ఈ కథ మా క్లాసులో చెప్తే ఒకడు, "ట్రూకాలర్ ఉండింటే రెండో పేజీలోనే అయిపోతుండె గదరా" అన్నాడు. అందరం నవ్వినాం కానీ వాడన్నది నిజం. ఒక కాలంలో పనిచేసిన అడ్డు ఇంకో కాలంలో పనిచేయదు. ఒక ఊర్లో పనిచేసింది ఇంకో ఊర్లో పనిచేయదు.

మరి మా ఊర్లలో ఏది పనిచేస్తుంది? ఫోన్లో ప్రతిలిపి లాంటి యాప్‌లు తెరిస్తే ప్రేమ సీరియల్స్ కుప్పలు. నేను చదివిన వాటిలో చాలా మంది హీరోలు సీఈఓలు, పెళ్ళేమో కాంట్రాక్టు పెళ్ళి. చదవడానికి బాగానే ఉంటాయి. కానీ జమ్మలమడుగు బస్టాండులో నాకు ఒక్క సీఈఓ కూడా కనపడలేదు. అందుకని నా కథను పల్లెవెలుగు బస్సులో పెట్టినాను. అమ్మాయిది జమ్మలమడుగు, మగ్గం నేసే ఇల్లు. ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతుంది. అబ్బాయిది పులివెందుల. జమ్మలమడుగులో మామ ఇంట్లో ఉంటూ ప్రొద్దుటూరులో ఒక బంగారు అంగట్లో లెక్కలు రాస్తాడు. రోజూ ఇద్దరికీ సుమారు 20 కిలోమీటర్లు ఒకే బస్సు.

ఆ బస్సులో అడ్డు కోసం నేను వెతకాల్సిన పని లేకపోయింది. పక్క సీట్లో కూర్చున్న పెద్దామె అడుగుతుంది: "ఎవురి పిల్లవమ్మా నువ్వు?" వినడానికి మామూలు మాటే. కానీ ఆ తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు వేస్తే చాలు, నాయన పేరు, వీధి, కులం అన్నీ బయటికి వస్తాయి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది. మంచిదే, మా అమ్మ కూడా పోతాంది. నా కథలో పిల్లకు మాత్రం బస్సు నిండా పెద్దమ్మలు, అత్తలు అయిపోయినారు.

ఇక్కడే హీరో ఎట్లాంటోడో తేలాలి. మన సినిమాల్లో హీరో వెంటపడతాడు, అమ్మాయి వద్దంటుంది, వాడు ఇంకా వెంటపడతాడు, పాటొస్తుంది. నేను ఇంటర్ చదివేటప్పుడు మాతో ఒక అమ్మాయి ఉండేది. లెక్కల్లో మాకందరికీ డౌట్లు చెప్పేది. ఒకడు రోజూ బస్టాండు నుంచి ఆ అమ్మాయి వెనకాలే నడిచేవాడు. ఆ అమ్మాయి వానితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంట్లో తెలిసింది, సెకండియర్ మధ్యలో చదువు మాన్పించినారు. వాడు మాత్రం పరీక్షలు రాసినాడు.

అప్పటినుంచి ఏ ప్రేమకథ చదివినా నాకు ఒకటే లెక్క: ఈ సీన్‌కు రేపు పొద్దున ఎవరు మూల్యం కడతారు? మా పక్క ఎక్కువగా అమ్మాయే కడుతుంది. అది తెలిసినోడే నా కథలో హీరో. టీనేజీ వాళ్ళు చదివే కథలో ఇది ఇంకా ముఖ్యం. పదహైదేళ్ళకు చదివింది మనసులో ఉండిపోతుంది. వద్దంటే ఆగిపోయేవాడు కూడా హీరో అవుతాడని ఆ వయసులోనే కనపడాలి.

అట్లాంటోడు ప్రేమను ఏ మాటల్లో చెప్తాడు? ‘సమరసింహారెడ్డి’, ‘ఇంద్ర’ కాలం నుంచి సీమ అంటే కత్తులు, తొడగొట్టుడు అయిపోయింది. మా యాస బెదిరించడానికి వాడినంతగా మురిపెంగా మాట్లాడడానికి వాడలేదు. మా యాసలో కథలు లేక కాదు. పులివెందుల పక్కనే వేంపల్లె. ఆ ఊరి షరీఫ్ ‘జుమ్మా’ కథలకు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు, ఇంట్లో మాట్లాడుకునే మాటలతో కథ రాయొచ్చు అనే ధైర్యం అట్లాంటి కథల వల్లే వచ్చింది.

నా కథలో హీరో ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అనడు. మా ఇంట్లో ఎవరూ అట్ల అనడం నేను వినలేదు. ఒకరోజు సాయంత్రం బస్టాండులో ఆ అమ్మాయి ముఖం చూస్తాడు. బస్సులో వాళ్ళ పెద్దనాయన ఉండాడు.

"నువ్వు ఎక్కు. నేను వెనక బస్సుకు వస్తా."

"వెనక బస్సు ఎనిమిదికి గదా?"

"ఉండనీ. తిన్యావా?"

"ఇంగా లేదు."

అంతే. గంటన్నర బస్టాండులో నిలబడతాడు. నా దృష్టిలో అదే వాడు ప్రేమను చెప్పడం.

పెద్దవాళ్ళ ప్రేమకథకు ఇంకో రకం అడ్డు కావాలి. మా జిల్లా నుంచి కువైట్ పోయినవాళ్ళు చాలా మంది. పెళ్ళై పదేళ్ళైన భార్యాభర్తలు వాట్సాప్ వాయిస్ మెసేజీలతో కాపురం చేస్తుంటారు. డబ్బులు పంపినా, పిల్లోని ఫీజు కట్టినావా, మోకాలి నొప్పి ఎట్లుంది. కొత్తగా ఇష్టపడే ఇద్దరికి ఒకరి గురించి ఒకరికి తెలియదు. వీళ్ళకు అన్నీ తెలుసు, దగ్గర లేరు, అంతే. ఆ మెసేజీని ఆమె రెండోసారి ఎందుకు వింటుందో రాయగలిగితే అది పెద్దవాళ్ళ ప్రేమకథ. అది రాయడానికి నా వయసు చాలదేమో, కానీ వినడం మొదలుపెట్టినాను.

బస్సు కథ ఇంకా మధ్యలోనే ఉంది. పెద్దనాయనకు తెలుస్తుందా, కులం దగ్గర ఏమవుతుంది, ఇంకా తేలలేదు. ఒక్కటి మాత్రం ముందే రాసి పెట్టుకున్నాను: వాళ్ళిద్దరి సంగతి ఏమైనా కానీ, ఆ అమ్మాయి డిగ్రీ ఆఖరి పరీక్ష రాసి, హాల్లోంచి బయటికి వస్తుంది.