రాని సినిమా మీద బెంగ

విడుదలైన సినిమాల గురించి ఎవరైనా రాస్తారు. నా బెంగంతా అసలు తెరకెక్కనే ఎక్కని ఓ చిత్రం మీద... ఎన్టీఆర్ 'అల్లూరి సీతారామరాజు'!

మాది అరకు. సినిమా చూడాలంటే కుర్రాళ్ళమంతా కిరండోల్ పాసింజరెక్కి విశాఖలో దిగేవాళ్ళం. సొరంగాల్లో పెట్టె చీకటైపోయినా మా వాదన మాత్రం ఆగేది కాదు: కృష్ణ వేసిన వేషం ఎన్టీఆర్ వేసివుంటేనా?

ఆయనకది కొత్తగా పుట్టిన కోరిక కాదు. 1950లలోనే పడాల రామారావుగారిచేత స్క్రిప్టు రాయించుకున్నారు. పౌరాణికాలొచ్చాయి, జానపదాలొచ్చాయి, ఇది మాత్రం అలాగే వుండిపోయింది. మధ్యలో శోభన్‌బాబుతో తీద్దామని డి.ఎల్. నారాయణగారు అనుకున్నారు. అదీ సాగలేదు. సాధించింది కృష్ణ! తన నూరో చిత్రం, తెలుగులో తొలి సినిమాస్కోప్. షూటింగుకి మా కొండల్లోని చింతపల్లి అడవులకే వచ్చారు. 1922 ఆగస్టు 22న రాజు ఠాణా మీద పడి తుపాకులు పట్టుకెళ్ళిన చింతపల్లి అదే. దర్శకుడు వి. రామచంద్రరావుగారు మధ్యలోనే కన్నుమూసినా చిత్రం ఆగలేదు. 1974 మే 1న విడుదలైంది. తర్వాత సంగతి మీకు తెలిసిందే.

ఎన్టీఆర్ ఆశ అప్పటికీ చావలేదు. ఆ కథ మళ్ళీ రాయమని పరుచూరి సోదరుల్ని అడిగితే, ముందు కృష్ణగారి సినిమా చూడమన్నారట వాళ్ళు. చూశారు, మెచ్చుకున్నారు, మానుకున్నారు. అంతటి స్టార్ అలా తప్పుకోవడం నాకు గొప్పగానే తోస్తుంది. 1993లో 'మేజర్ చంద్రకాంత్' పాటలో ఆ వేషం కాసేపు వేశారు. డెబ్భయ్యేళ్ళు నిండబోతున్నాయి అప్పటికి!

అయితే నా బెంగ నటన గురించి కాదు. రాజు అనుచరుడు గాం మల్లుదొర 1952లో విశాఖనుంచి లోక్‌సభకి ఎన్నికయ్యారు. అంటే ఆ స్క్రిప్టు రాయించుకున్న రోజుల్లో రాజు పక్కన నడిచిన మనిషి కళ్ళెదుటే వున్నాడన్నమాట. హీరోకి నిండు ముప్ఫైలు. అప్పుడే గనక తీసివుంటే, మేకప్పుతో నిలబడ్డ ఎన్టీఆర్‌ని మా మల్లుదొర ఎగాదిగా చూసి, "విల్లు అలా కాదు బాబూ, ఇలా పట్టాలి" అనివుండేవాడేమో!