నవగోప్యాలు – అన్వేషణ యంత్రాలు



గోప్యంగా ఉంచదగినవి తొమ్మిది అని మన పెద్దలు నిర్ణయించారు: ఆయుస్సు, ధనం, గృహచ్ఛిద్రం, మంత్రం, ఔషధం, దాంపత్యం, దానం, సన్మానం, అవమానం. సంస్కృత సుభాషితాలలో ప్రసిద్ధమైన ఈ గణనను వేదపాఠశాలలో విన్న దినాలలో అది కేవలం లోకజ్ఞతగానే తోచింది. చేతిలో ఫోను లేని భక్తుడు దేవాలయంలో అరుదుగా కనబడే ఈ కాలంలో దాని లోతు బోధపడుతున్నది.

ఎందుకనగా, ఈ తొమ్మిదింటిలో అధికభాగాన్ని మనం ప్రతిదినం స్వహస్తాలతో సెర్చ్ ఇంజన్లకు సమర్పిస్తున్నాం. రోగలక్షణం కనబడితే వైద్యునికంటె ముందు వాటినే అడుగుతాం. అప్పు, వ్యాజ్యం, దంపతుల కలహం – అన్నీ అక్కడే నివేదిస్తాం. అడిగిన ప్రశ్న సమాధానంతో ముగియదు. ఏ ఖాతా నుండి, ఏ ప్రాంతం నుండి, ఏ సమయంలో అడిగామో, ఏ సమాధానాన్ని తెరిచామో నమోదు కాగలదు. కుకీలు అనే చిన్న గుర్తులు బ్రౌజరులో నిలిచి, మనం వేరొక వెబ్‌సైటుకు వెళ్ళినా అదే వ్యక్తి అని పోల్చుకొనడానికి తోడ్పడతాయి. దీని ఆధారంగా ఎవరికి ఏ ప్రకటన చూపాలో నిర్ణయమవుతుంది. మూల్యం చెల్లించేది ప్రకటనకర్త. కనుకనే మనకు ఆ సేవ ఉచితం.

“పేరు చెప్పలేదు కదా” అని కొందరు నిశ్చింతగా ఉంటారు. 2006లో అమెరికాకు చెందిన ఏఓఎల్ సంస్థ సుమారు 6,50,000 మంది అన్వేషణలను, పేర్లకు బదులు సంఖ్యలు ఉంచి, పరిశోధకుల నిమిత్తం బహిరంగపరచింది. కొద్ది దినాలలోనే న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయులు కేవలం ఆ ప్రశ్నలను బట్టి ఒక మహిళను గుర్తించగలిగారు. ఆమె పేరును ఆమె ప్రశ్నలే చెప్పాయి. ఇన్‌కాగ్నిటో అనే పద్ధతి పూర్తి రక్షణ అనుకొనడమూ భ్రమయే. దానిపై గూగుల్ సంస్థపై 2020లో అమెరికాలో దాఖలైన వ్యాజ్యం రాజీతో ముగిసి, కోట్లాది నమోదులను నశింపజేయడానికి ఆ సంస్థ 2024లో అంగీకరించింది.

ఓరుగల్లులో భక్తులు నన్నొక ప్రశ్న అడుగుతుంటారు: “అయ్యగారూ, చిత్రగుప్తుడు అన్నీ వ్రాస్తూనే ఉన్నాడు, అంతర్యామి చూస్తూనే ఉన్నాడు. ఇక యంత్రం చూస్తే నష్టమేమి?”

నష్టం ఉన్నది. ముండకోపనిషత్తులో ఒకే వృక్షంపై రెండు పక్షులు చెప్పబడ్డాయి. ఒకటి ఫలాన్ని భుజిస్తుంది. రెండవది భుజించక చూస్తూ ఉంటుంది. ఆ రెండవదే సాక్షి. సాక్షికి మన ఫలంపై ఆశ లేదు, కనుక ఆ చూపు ముందు మనస్సు నిర్భయంగా తెరుచుకుంటుంది. యంత్రం చూపు అటువంటిది కాదు. అది ఫలాపేక్షతో చూస్తుంది. ఫలాపేక్షతో చూచేవానికి సాక్షి అనే పేరు చెల్లదు.

ఒక ఇల్లాలు సంతానార్థమై అర్చనకు వచ్చింది. సంకల్పంలో కోరికను చెవిలో చెప్పినంత మెల్లగా చెప్పింది. తన సందేహాలను ఇంటిల్లిపాదీ వాడే ఫోనులో వెదికిన నాటి నుండి సంతాన వైద్యశాలల ప్రకటనలు వరుసగా రాసాగాయట. అత్తగారికి తాను చెప్పదలచుకోని విషయాన్ని ఆ ప్రకటనలే చెప్పాయని కన్నీరు పెట్టుకున్నది. అర్చకుడు విన్న కోరిక దేవునికి చేరి అక్కడే నిలవాలి. దానిని మరొకచోట ఉచ్చరించడం మాకు ధర్మం కాదు. ఆమె అనుమతితో, ఆనవాలు లేకుండా, ఇంతమాత్రం వ్రాస్తున్నాను.

సాధకునికి ఇంతకంటె సూక్ష్మమైన హాని మరొకటి ఉన్నది. మనస్సులో లేచిన తలంపు ఉపేక్షిస్తే లయిస్తుంది. పోషిస్తే వాసనగా స్థిరపడుతుంది. ఒక్కసారి కుతూహలంతో వెదికినదానిని ప్రకటనల రూపంలో పదిసార్లు ఎదుట నిలిపితే, లయించవలసిన తలంపుకు నీరు పోసినట్లే కదా! వైరాగ్యాభ్యాసం చేసేవానికి ఇది ప్రతిక్షణ విఘ్నం.

గోప్యత దోషులకే అవసరమనే మాట శాస్త్రసమ్మతం కాదు. ఉచ్చైస్స్వరంతో చేసే జపంకంటె ఉపాంశువు, దానికంటె మానసికం శ్రేష్ఠమని మనుస్మృతి చెబుతున్నది. లౌకిక న్యాయమూ దీనికి దూరంగా లేదు. విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వ్యాజ్యంలో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టమూ వచ్చింది.

అయితే హక్కును కాపాడుకొనే నియమం మనదే. ఖాతాలో అన్వేషణ చరిత్రను తుడిచి, దాని నమోదును నిలిపివేయండి. వ్యక్తిగత ప్రకటనలను, ఇతర సంస్థల కుకీలను నిరోధించండి. అన్వేషణ చరిత్రను భద్రపరచమని చెప్పే డక్‌డక్‌గో వంటివి ఉన్నాయి, ఉపయోగించండి. అన్నిటికంటె ముఖ్యంగా, వ్రేలు కదిలించే ముందు ఒక్క క్షణం ఆగి, ఈ ప్రశ్న వైద్యునిదా, గురువుదా, దైవానిదా అని విచారించండి. ఆ ముగ్గురికీ చెందని ప్రశ్నలే యంత్రానికి చాలు.

సర్వం శ్రీ భద్రకాళీ చరణారవిందార్పణమస్తు.